‘నీటు’గా అంటే ఎవరిలా?

తెలుగులో వ్యక్తిత్వ వికాస పుస్తకాలకు కరువు లేదు. కోఠి ఫుట్‌పాత్ మీద, బస్టాండు కొట్లలో, రైల్వే ప్లాట్‌ఫారం బండి మీద ఎక్కడ చూసినా అవే. ఉద్యోగంలో ఎట్లా నెగ్గుకురావాలి, పై అధికారిని ఎట్లా మెప్పించాలి, నలుగురిలో ఎట్లా మెలగాలి. రాసినవాళ్లు వేరు, అట్టలు వేరు, సారం ఒకటే. నువ్వు ఏమిటన్నది తర్వాత, నువ్వు ఎట్లా కనబడుతున్నావన్నది ముందు. గడ్డం నున్నగా గీసుకో. చొక్కా నలగనివ్వకు. కరచాలనం గట్టిగా చెయ్యి. కళ్లలోకి చూసి మాట్లాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండు.

ఈ పుస్తకాలను ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. ఇంట్లో మొదటిసారి ఆఫీసు మెట్లెక్కినవాడికి, ఇంటర్వ్యూ గదిలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పే అన్నో మామో లేనివాడికి ఇవే దిక్కు. మా బస్తీల్లో అట్లాంటివాళ్లు చాలామంది. అందుకే వీటిని జాగ్రత్తగా చదవాలంటున్నాను. చదువుతుంటే ఒక ప్రశ్న వస్తుంది. వీటిలో ‘నువ్వు’ అని పిలిచేది ఎవర్ని? ఆ ‘నువ్వు’కి కులం లేదు, మతం లేదు, బస్తీ లేదు. తెల్లకాగితం లాంటి మనిషి. దాని మీద ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ గీసుకోవచ్చు. మా కాగితం మీద ఎవరో ముందే గీసిపెట్టారు. మేం గీసుకోవడం తర్వాత మాట, ముందు చెరపడానికే సగం సర్వీసు సరిపోతుంది.

ఈ పుస్తకాల్లో చాలావాటికి తాత డేల్ కార్నెగీ. ఆయన పుస్తకం 1936లో అమెరికాలో వచ్చింది. ఎదుటివాళ్లకు నచ్చడానికి ఆయన చెప్పిన ఆరు సూత్రాల్లో ఒకటి, వాళ్ల పేరు గుర్తుపెట్టుకోవడం. ఏ మనిషికైనా తన పేరే అన్నిటికన్నా తియ్యగా వినబడుతుందట. కావచ్చు. కాని తన పేరు చెప్పగానే ఎదుటివాడి ముఖం మారడం చూసే మనిషి సంగతి ఆ సూత్రాల్లో లేదు. విశేషమేమంటే, కార్నెగీ తన ఇంటిపేరు స్పెల్లింగును ఉక్కు కుబేరుడు ఆండ్రూ కార్నెగీ ఇంటిపేరుతో కలిసేట్టు మార్చుకున్నవాడు. పేరుకు బజారులో ధర ఉంటుందని ఆయనకు తెలుసన్నమాట. మనకూ తెలుసు. 1944లో ‘జ్వార్ భాటా’తో తెర మీదికొచ్చిన యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్‌గానే వచ్చాడు.

ఆ ధర ఎంతో లెక్క తీసినవాళ్లూ ఉన్నారు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. పత్రికల్లో పడ్డ ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలతో దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రం వేరు. అగ్రకుల హిందువు పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడో వంతు. 2022లో లెడ్ బై ఫౌండేషన్ ఇట్లాంటి పరీక్షే ఆడవాళ్ల పేర్లతో చేసింది. హిందూ పేరుకు 208 సానుకూల జవాబులు వస్తే, అవే అర్హతలున్న ముస్లిం పేరుకు 103 వచ్చాయి. ఇక్కడ ఎవరూ ఎవరి చొక్కా చూడలేదు. ఎవరూ ఎవరితో కరచాలనం చేయలేదు. నవ్వడానికి అవకాశమే రాలేదు. వ్యక్తిత్వ వికాసం మొదటి పాఠం మొదలుకాకముందే ఫలితం వచ్చేసింది.

కార్నెగీ తర్వాత వచ్చినవాళ్లలో జాన్ మాలోయ్‌ది వేరే దారి. 1975లో ‘డ్రెస్ ఫర్ సక్సెస్’ రాశాడు. ఆయన మనుషులందరూ తెల్లకాగితాలని నటించలేదు. నల్లవాళ్లకు విడిగా సలహా చెప్పాడు. తెల్లవాళ్లకు సరుకు అమ్మబోయే నల్లవాడు ఆఫ్రో జుట్టుతో పోవద్దన్నాడు, ఆఫ్రికాను గుర్తుచేసే బట్టలు వేసుకోవద్దన్నాడు. కొనేవాడి కళ్లకు ఇబ్బంది కలగకూడదు, అంతే. సలహా క్రూరమైనదే. కాని దాచకుండా చెప్పింది. ‘నీటు’ అనే మాటకు కొలబద్ద సబ్బూ నీళ్లూ కాదు, కొనేవాడి కన్ను అని ఒప్పుకుంది. ఆ కన్నుకు చట్టంతో అడ్డం కొట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. నల్లవాళ్ల సహజమైన జుట్టును సాకుగా చూపి ఉద్యోగంలో వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో చట్టం చేసింది.

ఇక మన దగ్గరికి వద్దాం. ఇదంతా హిందువులు మాకు చేస్తున్న అన్యాయం అని ఒక్క ముక్కలో తేల్చేస్తే సుఖంగానే ఉంటుంది, కాని చరిత్ర ఒప్పుకోదు. నిజాం హైదరాబాదులో కొలువంటే షేర్వాణీ. దర్బారుకైతే తల మీద దస్తార్, నడుముకు బగ్లూస్. తెలుగు, మరాఠీ, కన్నడ ఇళ్లలో పుట్టిన హిందూ ఉద్యోగులు షేర్వాణీ తొడిగి ఉర్దూలో దస్త్రాలు రాశారు. ప్రధానమంత్రిగా చేసిన మహారాజా కిషన్ పర్షాద్ ‘షాద్’ పేరుతో ఉర్దూలో కవిత్వం చెప్పాడు. కొందరు ఆ భాషనీ ఆ బట్టనీ ప్రేమించారు. కొందరు జీతం కోసం తొడిగి, ఇంటికి రాగానే వంకెకు తగిలించారు. 1948 తర్వాత ఆ షేర్వాణీ పెళ్లికొడుకులకు మిగిలింది, ఉర్దూ దస్త్రాలు అటకెక్కాయి. రాజ్యం ఎవరి చేతిలో ఉంటే వాళ్ల ఇంటి అలవాటు ఆఫీసు మర్యాద అవుతుంది. నిన్న ఆ మర్యాద కొందరికి బరువైంది, ఇవాళ ఇంకొందరికి బరువైంది. నిన్నటి బరువు చూపించి ఇవాళ్టి బరువును న్యాయం అనడం కుదరదు.

ఆ పాత హైదరాబాదు ఇచ్చిన ఒక మంచి అలవాటు ఆదాబ్. అందులో ఏ దేవుడి పేరూ లేదు. హిందువూ ముసల్మానూ ఒకరికొకరు చేయి కొంచెం పైకెత్తి చెప్పుకున్న మర్యాద అది. ఇవాళ నేను ఆఫీసులో ఆదాబ్ అంటే మతం అంటారు. గుడ్ మార్నింగ్ అంటే మోడరన్ అంటారు.

ఎర్వింగ్ గోఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1963లో ‘స్టిగ్మా’ అని ఒక పుస్తకం రాశాడు. ఒంటి మీద వేసే మచ్చకు గ్రీకులు పెట్టిన పేరు అది. మచ్చ పైకి కనబడేవాడు ఎదుటివాడి ఇబ్బందిని సంబాళించాలి. మచ్చ కనబడనివాడు అది బయటపడకుండా సమాచారాన్ని సంబాళించాలి. ఇద్దరి పనీ ఆఫీసు పని మీద అదనం, ఇద్దరికీ దానికి జీతం లేదు. తెలుగులో ఖాదర్ మొహియుద్దీన్ 1991లో తన కవితకు ‘పుట్టుమచ్చ’ అని పేరు పెట్టినప్పుడు, ఈ మాటకు మన భాషలో ఉన్న పదును తెలిసింది. గ్రీకుల మచ్చ ఎవరో వేసేది. ఇది పుట్టుకతో వచ్చిందని నమ్మించేది.

మాలో ఈ రెండు రకాలవాళ్లనూ చూడొచ్చు. గడ్డం, టోపీ, బురఖా ఉన్నవాళ్లు మొదటి రకం. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో తెలుగే ఇంటిభాషగా ఉన్న దూదేకుల కుటుంబాల పిల్లలు చాలామంది రెండో రకం. పేరు సగం చెప్పి ఊరుకుంటే ఎవరికీ అనుమానం రాదు. పెళ్లి కార్డు పంచే రోజు దాకా అట్లా గడిచిపోతుంది. ఆ రోజు కార్డు చదివిన సహోద్యోగి, ‘అరే, మీరు ముస్లిమా? అట్లా కనబడరే!’ అంటాడు. పొగడ్త అనుకునే అంటాడు. ‘మీ తెలుగు ఎంత బాగుందో’ అని నన్ను మెచ్చుకునే పెద్దమనిషిదీ అదే పొగడ్త. ఈ నేల మీద పుట్టినవాడికి ఈ నేల భాష రావడంలో ఆశ్చర్యమేముంది?

పత్రిక పనిలో ప్రొఫెషనల్ అనిపించుకోవడమంటే నిష్పక్షపాతంగా ఉండటం. ఈ మాట నేను ఒప్పుకుంటాను. నాకున్న అభ్యంతరం ఆ నిష్పక్షపాతాన్ని తూచే త్రాసు మీద. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. జుమా నమాజుకు వచ్చినవాళ్లు చనిపోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లోనూ చనిపోయారు. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయింది ముస్లిం కుర్రాళ్లనే. కోర్టులు వాళ్లను నిర్దోషులని వదిలిపెట్టాయి. ఆ రోజుల్లో నేను ఒక పత్రిక డెస్కులో ఉన్నాను. కాపీలో ‘ఉగ్రవాదులు’ అని వస్తే ‘అనుమానితులు’ అని దిద్దాను. నేరం రుజువు కాకముందు రాయాల్సిన మాట అదే, ఏ జర్నలిజం తరగతిలోనైనా చెప్పేదే. ‘మీవాళ్లను వెనకేసుకొస్తున్నావా?’ అని అడిగారు. పక్క టేబుల్ మిత్రుడు ఇంకో కేసులో అదే మాట దిద్దితే, ‘వీడికి న్యాయపరమైన జాగ్రత్త ఎక్కువ’ అని మెచ్చుకున్నారు. దిద్దింది ఒకే మాట, దిద్దిన కలం ఒకే రంగు. తేడా పేరులో ఉంది. మీటింగులో గొంతు పెంచితే ఒకరిది ఆత్మవిశ్వాసం, ఇంకొకరిది ఆవేశం. మౌనంగా కూర్చుంటే ఒకరిది హుందాతనం, ఇంకొకరిది ‘లోపల ఏముందో’. దీనికి ఏ వికాస పుస్తకంలో మందు ఉంది?

సమయం లెక్క కూడా ఇట్లాంటిదే. సిగరెట్టుకు రోజుకు అయిదుసార్లు కిందికి దిగేవాడి నిమిషాలు ఎవరూ లెక్కపెట్టరు. వారానికి ఒకసారి జుమా నమాజుకు పోయినవాడి నిమిషాలకు అందరి దగ్గరా లెక్క ఉంటుంది. దసరాకు ఆయుధపూజ చేసి కంప్యూటర్‌కు బొట్టు పెడితే అది సంప్రదాయం. ప్రెస్సుల్లో ముస్లిం మెషిన్‌మెన్ కూడా తమకు అన్నం పెట్టే యంత్రానికి పూలదండ వేయడం చూశాను. అందులో నాకు తప్పు కనబడలేదు. అదే ఆఫీసులో ఒక మూల చాప పరిస్తే మాత్రం ‘ఆఫీసులోకి మతం తెస్తున్నారు’ అంటారు. 2025 రంజాన్ నెలలో తెలంగాణ ప్రభుత్వం ముస్లిం ఉద్యోగులను సాయంత్రం నాలుగింటికి వెళ్లనిస్తే ఎంత గొడవ చేశారో అందరూ చూశారు. పని అయిందా లేదా అని అడిగినవాళ్లు తక్కువ.

సెక్యులర్ మిత్రులకు నచ్చే ముస్లిం ఒకడుంటాడు. రంజానుకు బిర్యానీ తెస్తాడు. పార్టీలో రెండు షేర్లు చెబుతాడు. ముల్లాల మీద జోకులు ముందు తనే వేస్తాడు. ఎక్కడ బాంబు పేలినా అందరికన్నా ముందు ఖండిస్తాడు, అడగకముందే. ఇవన్నీ ఇష్టంతో చేసేవాడుంటే సంతోషం. కాని మెడ మీద కత్తిలాగా చేయాల్సి వస్తే అది స్నేహం కాదు, పూచీకత్తు. అందరూ జీతం కోసం పనిచేస్తారు, వీడు నమ్మకం కోసం కూడా ఓవర్‌టైం చేస్తాడు.

2016 డిసెంబరులో సుప్రీంకోర్టు వైమానిక దళంలోని ఒక ముస్లిం ఉద్యోగి గడ్డం కేసులో దళం నియమాన్నే సమర్థించింది. సైన్యంలో ఏకరూపత అవసరమన్నది కారణం. సైన్యం సంగతి సైన్యానిది. కాని లెడ్జర్ రాసే గుమాస్తాకు, పాఠం చెప్పే లెక్చరర్‌కు, ప్రూఫులు దిద్దేవాడికి ఏకరూపత ఎందుకు? సివిల్ ఆఫీసులు కూడా కంటోన్మెంటు కళ్లతో చూడటం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుంది?

ఇప్పుడు మా ఇంటివైపు. మా ఆడవాళ్లకు ఇద్దరు మేనేజర్లున్నారు. బురఖాతో వస్తే కస్టమర్లు ఏమనుకుంటారో అని ఆఫీసులో ఒకడు, తీసేస్తే బస్తీ ఏమనుకుంటుందో అని ఇంట్లో ఒకడు. ఇద్దరికీ ఆమె పనితో సంబంధం లేదు, ఆమె ఇమేజ్‌తోనే సంబంధం. బయటి మేనేజర్‌ను తిట్టి ఇంట్లో మేనేజర్‌ను కాపాడే రచయిత అస్తిత్వం గురించి మాట్లాడకపోతే మంచిది. అట్లాగే షీన్ ఖాఫ్ సరిగా పలకలేదని దూదేకుల పిల్లాణ్ణి చూసి నవ్వే ఉర్దూ పెద్దమనిషికీ, నా తెలుగు చూసి ఆశ్చర్యపోయే పెద్దమనిషికీ తేడా ఏముంది? ఆలస్యంగా వచ్చి, పని ఎగ్గొట్టి, అడిగితే వివక్ష అనేవాడు కూడా మాలో ఉన్నాడు. వాడి వల్ల నిజంగా వివక్షకు గురైనవాడి నోరు పడిపోతోంది.

కాబట్టి ఆఫీసు మర్యాదలన్నీ కాల్చేయమని నేననడం లేదు. వాటిని రెండుగా విడదీయాలి. వేళకు రావడం, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం, రాసిన వాక్యంలో అబద్ధం లేకుండా చూడటం, కింద పనిచేసేవాళ్లను మనుషుల్లా చూడటం, శుభ్రంగా ఉండటం. ఇవి పనికి సంబంధించినవి. ఇందులో మాకు ఎవరూ మినహాయింపు ఇవ్వనక్కర్లేదు, మేం అడగకూడదు. గడ్డం, టోపీ, తలగుడ్డ, టిఫిన్ డబ్బా, పలకరింపు, పేరు. ఇవి చూసేవాడి సుఖానికి సంబంధించినవి. వాటి బాకీ మాకు లేదు.

2006 సచార్ నివేదిక చూడండి. 2001 లెక్కల్లో దేశ జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం, విదేశాంగ సర్వీసులో 1.8 శాతం. లోపలికి వచ్చేదే ఇంత తక్కువమంది. ఆ వచ్చినవాళ్లకు కూడా ‘మాలాగా కనబడు’ అనే పాఠమే చెబితే, ఆఫీసులో ఉండేది మేం కాదు, మీ అద్దంలో మీరే. మీ పక్క కుర్చీ ముస్లిం సహోద్యోగి గురించి ఒక అభిప్రాయానికి వచ్చే ముందు, అదే పని, అదే మాట మీ తమ్ముడి పేరుతో ఊహించి చూడండి. అభిప్రాయం మారితే, మార్చుకోవాల్సింది అతని వ్యక్తిత్వం కాదు.