దిగుడు పందెం

చోడవరంలో పరుగు నేర్చినవాడికి ఎత్తుపల్లాల సంగతి తెలీదు. 2022లో మమ్మల్ని విశాఖ జిల్లా నుంచి తీసి అనకాపల్లి జిల్లాలో కలిపారు గానీ, నేల అదే చదును నేల. గోవాడ వైపు వెళ్లండి, వడ్డాది వైపు వెళ్లండి, రోడ్డు పక్కన చెరకు తోటలే. క్రషింగ్ రోజుల్లో చెరకు ట్రాక్టర్లకి దారివ్వడం తప్ప వేరే కష్టం ఉండదు. మా పరుగు జట్టులో సగంమంది అరవై దాటినవాళ్లం. పాడేరు ఘాట్‌లో గరికబంద వైపు ఐదు కిలోమీటర్ల దిగుడు పందెం పెట్టుకుందామనేసరికి అందరూ సై అన్నారు. దిగడమే కదా అని ధీమా.

తెల్లారగట్ల బస్సులో పైకి వెళ్తుంటే కండక్టరు అడిగాడు: “అడవిలో దిగి ఏటి చేస్తారు మాస్టారూ?”

“పరిగెత్తుకుంటూ కిందికొస్తాం నాయనా.”

“మరి ఎక్కడమెందుకండీ?”

దిగుడులో ఊపిరికి హాయే. వాలు సుమారు ఇరవై శాతం అయ్యేదాకా పరుగుకయ్యే శక్తి తగ్గుతూనే పోతుందని 2002లో ఇటలీ పరిశోధకులు కొలిచి చెప్పారు. ఘాట్ రోడ్డు వాలు అందులో సగం కూడా ఉండదు. ఆయాసం లేదు, మాటలు కూడా సాగుతాయి. బాకీ అంతా తొడల ఖాతాలో పడుతుంది. చెరకు బండి వాలు దిగేటప్పుడు చూడండి, ఎడ్లు లాగవు. మీదికి తోసుకొచ్చే బరువుని మెడతో ఆపుకుంటూ దిగుతాయి. తొడ ముందు కండరాలది అదే పని. సాగుతూనే బిగబట్టాలి. తొమ్మిది డిగ్రీల వాలులో పాదం నేలని తాకే దెబ్బ చదును మీదికంటే సగానికి పైగా ఎక్కువని మరో లెక్క.

వయసు మీదపడ్డవాడికి ఇక్కడే చిక్కు. కింద పడితే ఎముక అతకడం ఆలస్యమని మనసుకి తెలుసు. అందుకని నడుం వెనక్కి వాల్చి, కాలు ముందుకి చాచి, మడమతో బ్రేకు వేస్తాడు. వేసిన ప్రతి బ్రేకూ మోకాలికే తగులుతుంది. చెయ్యాల్సింది దీనికి పూర్తిగా వ్యతిరేకం: అడుగులు చిన్నవిగా, గబగబా పడాలి; పాదం ఒంటి కిందే ఆనాలి; మోకాలు కాస్త వంగి ఉండాలి; ఒళ్లు వాలుతోపాటు ముందుకి ఒరగాలి. చెప్పడం తేలికే. హెయిర్‌పిన్ మలుపు దగ్గర లోపలి అంచు మరీ నిటారుగా ఉంటుంది, దాన్ని కోసుకుపోదామని కాళ్లు ఉబలాటపడతాయి. బయటి అంచునే ఉండి, హారన్ వినిపిస్తే పక్కకి ఆగిపోవడమే నా పద్ధతి. జట్టులోని కుర్రాళ్లు నవ్వుకున్నారు. నవ్వుకోనీ.

గడియారం మాత్రం మహా ముఖస్తుతి చేస్తుంది. చదును మీద ఏళ్లుగా చూడని టైము కనిపించింది. దాన్ని లెక్కలో వేసుకోవచ్చా? ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ ససేమిరా అంటుంది. రోడ్డు పరుగులో రికార్డు కావాలంటే మొదలుకీ చివరకీ మధ్య దిగుడు కిలోమీటరుకి మీటరు దాటకూడదు. 2011లో బోస్టన్‌లో జెఫ్రీ ముతాయ్ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో మారథాన్ ముగించాడు. అప్పటికి భూమ్మీద ఎవరూ అంత వేగంగా పరిగెత్తలేదు. అయినా ప్రపంచ రికార్డు ఇవ్వలేదు, దారి దిగుడుదని, మొదలూ చివరా దూరమని. ఆయనకే లేనిది మనకెందుకు! నోటు పుస్తకంలో వేరే పేజీలో రాసుకున్నాను. చెరిపెయ్యమంటే మాత్రం చెరపను.

అసలు ఫలితం రెండో రోజున వచ్చింది. అరుగు మీంచి దిగడానికి గోడ పట్టుకోవాలి. కింద కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం మరో ఎత్తు. మా ఆవిడ కాఫీ గ్లాసు కుర్చీ దగ్గరికే తెచ్చిచ్చి, “దిగుడే కదండీ!” అంది. అయితే ఒళ్లు ఈ పాఠం మరిచిపోదు. ఒకసారి ఇలా నలిగిన కండరం కొన్ని వారాలదాకా రెండోసారికి అంతగా నొచ్చదు. అందుకే పందేనికి రెండు మూడు వారాల ముందు చిన్న వాలు మీద కాసేపు దిగి చూసుకోవాలి. మా ఊళ్లో ఆ వాలే లేదు.

కుర్రాళ్లు ఇప్పుడు అదే దారిని కింద నుంచి పైకి పెడదామంటున్నారు. సరేనన్నాం, అరవై దాటినవాళ్లని ముందు వదలాలని షరతు పెట్టి. వాళ్లు ఐదు నిమిషాలంటున్నారు, మేం పది. బేరం ఇంకా తెగలేదు.