అరికేసరిని వెతుక్కుంటూ

వేములవాడ నుంచి ఏలిన చాళుక్య సామంతుడు రెండో అరికేసరి చరిత్రను అతని కాలంలో ఎవరూ చరిత్రగా రాసిపెట్టలేదు. 10వ శతాబ్దంలో రాష్ట్రకూటులకు లోబడి ఉంటూనే, వాళ్ల చక్రవర్తి నాలుగో గోవిందుణ్ణి గద్దె దింపడంలో ముందు నిలిచినవాడాయన. అంతటి మనిషిని మనం దానశాసనాల్లో, ఒక కావ్యంలో, ఒక గ్రంథం చివరి మాటల్లో ఏరుకోవాల్సిందే.

పని రాయి దగ్గర మొదలవుతుంది. రాతిని శుభ్రంగా కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్‌తో కొడతారు. పైన సిరా అద్దితే గుంటలు తెల్లగా మిగిలి అక్షరం తేలుతుంది. తేదీ ఉంటే శక సంవత్సరానికి 78 కలుపుతారు. లేకపోతే లిపి తీరే కాలం చెప్పాలి.

చదవడం వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. శాసనం మొదట్లో వచ్చే ప్రశస్తిలో ప్రతి రాజూ శత్రువులకు సింహమే. ఆ భాగాన్ని అనుమానంతో చదవాలి. దానం ఎవరికిచ్చారు, ఏ ఊరిచ్చారు అనే భాగంలో అబద్ధానికి చోటు తక్కువ. హద్దులు తప్పయితే ఊరివాళ్లే ఊరుకోరు.

అరికేసరి ఆస్థాన కవి పంపడు తన కన్నడ భారతంలో రాజును అర్జునుడితో పోల్చి, రాజుగారి వంశాన్నీ యుద్ధాలనూ అందులో కలిపేశాడు. అది పొగడ్తే. కానీ రాజు తనకు ధర్మపురం అగ్రహారం ఇచ్చాడన్న కవి మాటను కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట బలపరుస్తుంది. పంపడి తమ్ముడు జినవల్లభుడు ఆ గుట్ట మీద సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో చెక్కించిన శాసనంలోనూ ఆ దానం ఉంది. అందులో తెలుగు కంద పద్యాలుండటం మన సాహిత్యానికి దక్కిన భాగ్యం. ఒక సామంతుడి జాడ కోసం వెళ్లినవాడికి నన్నయకు ముందటి తెలుగు పద్యం ఎదురవుతుంది!

కొడుకుల దగ్గరికొచ్చేసరికి చిక్కు పడుతుంది. జైన ఆచార్యుడు సోమదేవసూరి శక 881లో, అంటే 959లో, యశస్తిలకమనే తన గ్రంథాన్ని గంగాధరలో ముగించానంటూ అరికేసరి పెద్దకొడుకు పేరు చెప్పాడు. దాన్ని వాగరాజు అని చదివినవారున్నారు, వద్దిగ అని చదవాలన్నవారూ ఉన్నారు. వద్దిగ అంటే బద్దెగే. మహారాష్ట్రలోని పర్భణీలో దొరికిన 966 నాటి రాగిరేకుల్లో అరికేసరి తర్వాత వచ్చేది ఆ బద్దెగ పేరే. ఒక్క అక్షరం తేడాతో వంశవృక్షంలో ఒక మనిషి ఉంటాడు, లేదా మాయమవుతాడు. నాకు వద్దిగ పాఠమే సబబనిపిస్తుంది, ఎందుకంటే రాగిరేకు రాసినవాళ్లకు పెద్దకొడుకును వదిలేయాల్సిన అవసరం కనబడదు. ఆ రేకులు వేయించినవాడు అరికేసరి మనుమడే. సోమదేవుడికి లేంబులపాటకంలోని శుభధామ జినాలయం కోసం ఊరు దానమిచ్చిన పత్రమది. లేంబులపాటకమే నేటి వేములవాడ అని పండితుల మాట.

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో గుడి ముందో చెరువుగట్టునో అక్షరాల రాయి కనిపిస్తే సున్నం వేయకండి, నూనె పూయకండి, కొత్త గోడలో కలిపేయకండి. ఏటవాలు ఎండలో ఫొటో తీసి పురావస్తు శాఖకు తెలియజేయండి.