నోటిపుండు - మనోవ్యాకులత : ఒక ప్రయోగము, దాని హద్దులు

నోరు పూసినచో "వేడి చేసినది" అనుట మన ఇండ్లలో వాడుక. ఇప్పుడు చదువుకొన్నవారు ఆ వేడి స్థానమున మనోవ్యాకులతను నిలుపుచున్నారు. పేరు మారినదిగాని, అన్నింటికి ఒకే సమాధానము చెప్పు అలవాటు మారలేదు.

ఇందుకు ఆధారముగా తరచు చూపబడునది అమెరికాలో మరూకా, కీకోల్ట్-గ్లేసర్, ఫవగేహి అను పరిశోధకులు 1998లో ప్రకటించిన ప్రయోగము. 11 మంది దంతవైద్య విద్యార్థుల అంగిలిపై 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయమును వేసవి సెలవులలో ఒకమారు, పరీక్షకు 3 దినములముందు అంగిలి రెండవ ప్రక్కన మరొకమారు చేసిరి. పరీక్షలనాటి గాయము మానుటకు సగటున 3 దినములు, అనగా 40 శాతము, ఎక్కువ పట్టినది. సెలవులలో మానినంత త్వరగా ఒక్కరికైనను మానలేదు.

ప్రయోగము చక్కనిది. ఎవరిని వారితోనే పోల్చుటచే మనిషికి మనిషికి గల భేదములు అడ్డురాలేదు. కాని అందరికిని సెలవుల గాయమే మొదటిది, పరీక్షల గాయమే రెండవది. సగముమందికి ఈ వరుసను తారుమారు చేసియుండినచో ఫలితము మరింత దృఢముగా నుండెడిది. పరీక్షల రోజులలో నిద్ర, భోజనముకూడ క్రమము తప్పుననుట విద్యార్థులకు చెప్పనక్కరలేదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి వేరు. ఆరోగ్యవంతులకు చేసిన క్రొత్త గాయము వేరు, ఏండ్ల తరబడి పీడించు నోటిమంట, లైకెన్ ప్లేనస్ వంటి వ్యాధులు వేరు. పచ్చడి మెతుకైన నోట పెట్టలేనివానికి దిగులు పుట్టదా? ఒక్కమారు పరీక్షించినంత మాత్రమున ఏది ముందో, ఏది వెనుకో తేలదు. న్యూయార్క్ రాష్ట్రపు ఈరీ ప్రాంతమున 1,426 మందిని పరిశీలించి జెంకో బృందము 1999లో ప్రకటించిన ఫలితములకును ఈ చిక్కు కలదు. డబ్బు ఇబ్బందులు గలవారిలో చిగుళ్ళ వ్యాధి హెచ్చుగా కనబడినది. ఆ ఇబ్బందులను నేర్పుతో పరిష్కరించుకొనువారిలో మాత్రము హెచ్చలేదు. నాకు ఈ రెండవ మాటయే ఎక్కువ విలువైనదిగా తోచుచున్నది. దానిని చెప్పువారు తక్కువ.

"అంతయు మనసులోనిదే" అని పంపివేయుటవలన ఇనుము, బి-12 విటమిను లోపము వంటి సులభముగా కుదుర్చదగిన కారణములు మరుగున పడును. శ్రీకాకుళము, విశాఖ తీరములలో అడ్డపొగ, అనగా చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చు స్త్రీల అంగిలిపై పుట్టు పుండు కాన్సరు కావచ్చును. రెండు, మూడు వారములు దాటినను మానని పుండును ముందుగా వైద్యుడు చూడవలెను. దిగులు సంగతి ఆ తరువాత.