వానాకాలపు తిండి

వేప, కానుగ, చింత పూసినన్నాళ్లూ వారం వారం తేనెపెట్టె మూత తెరిచి చూసినవాళ్లే, చివరి చట్రం దాకా పిండుకుని, మళ్లీ చలికాలపు పూతకి కనిపిస్తారు. నడుమ ఈగలు ఏం తిన్నాయి? ఏటా ఈ రోజుల్లో నన్ను తొలిచే ప్రశ్న ఇదే.

మంచు దేశాల్లో ఈగలకి చలికాలం కరువు. మనకి శ్రావణ భాద్రపదాలు కరువు. ముసురు పట్టిందంటే ఈగ గూడు దాటదు. దాటినా పూలలో మకరందాన్ని వాన కడిగేసి ఉంటుంది. వేసవంతా దాచింది ఆ రోజుల కోసమే.

ఆ దాచడం ఎంత పనో చూడాలంటే పొద్దుగూకే వేళ పెట్టె ద్వారం పక్కన కూర్చోండి. కొన్ని ఈగలు కాళ్లు పలకకి ఆనించి, ఉన్నచోటనే నిలబడి రెక్కలాడిస్తుంటాయి. సీమ ఈగ తల లోపలికి పెట్టి గాలిని బయటికి లాగుతుంది. మన తొర్ర ఈగ తల బయటికి పెట్టి గాలిని లోపలికి తోస్తుంది. తెచ్చిన మకరందంలో సగానికి పైగా నీళ్లే. అవి 20 శాతం దగ్గరికి దిగాకే గదికి మైనపు మూత పడుతుంది. ఆ మైనమూ ఊరికే రాదు, పడుచు ఈగలు కడుపారా తేనె తాగితే పొట్ట కింద పొలుసులుగా ఊరుతుంది. పూతకాలంలో కూలి ఈగ ఆయుష్షు ఆరు వారాలు. వేసవిలో దాచిన ఈగల్లో చాలావాటికి ఆ తేనె తినే యోగమే లేదు.

తిండి చాలకపోతే తొర్ర ఈగ చచ్చేదాకా కూర్చోదు, రాణితో సహా లేచిపోతుంది. ఖాళీ తుట్టెల్ని మైనపు పురుగు గూళ్లల్లి తినేస్తుంది. 'మా ఊళ్లో ఈగలు నిలవవండీ' అనేవాళ్ల పెట్టెల్లో చాలావరకు నేను చూసింది ఆకలే.

1910ల్లో ఫాదర్ న్యూటన్ దక్షిణాదిలో మన ఈగ కొలతకి చేసిన పెట్టెలో పిల్లల గది కింద, తేనె గది పైన. తీస్తే పై గదిలో మూతపడ్డ తుట్టెలే తీయండి. కింది చట్రాల్లో పిల్లల మీద వంపుగా ఉండే తేనె ఈగలది, దాని జోలికి పోవద్దు. అప్పటికీ పెట్టె ఎత్తితే తేలిగ్గా ఉందా, పంచదార, నీళ్లు సమంగా కలిపిన పాకం లోపల పెట్టండి. చీకటి పడ్డాకే పెట్టండి. పగలు పెడితే పక్క పెట్టెల ఈగలు వచ్చి దోచుకుపోతాయి.