లింకన్ దీవిలో వంట ఎవరు చేశారు?

మాట్లాడుకోవాల్సిన సంగతులు ఇన్ని ఉండగా పిల్లల సాహస నవలల మీద పడ్డారేమిటని అడిగేవాళ్లుంటారు. పది పన్నెండేళ్ల వయసులో చదివిన పుస్తకంతో ఎవరూ వాదన పెట్టుకోరు, నమ్మేస్తారు. అందుకే పడ్డాం. హాస్టల్లో లైబ్రరీ అని పేరు పెట్టిన ఇనుప బీరువాలో పాఠ్యపుస్తకాలు కానివి నాలుగుంటే, వాటిలో జూల్ వెర్న్ సంక్షిప్త ప్రతి ఒకటి దొరికేది. మాలో కొందరం ఆ బీరువా ముందు నిలబడే సైన్స్ మీద మోజు పెంచుకున్నాం. ఆ మోజును తక్కువ చేయం. కానీ ఆ బెలూన్ ఎక్కించినప్పుడు మనల్ని ఎవరి చోట కూర్చోబెట్టారో ఇప్పుడైనా చూసుకోవాలి.

'మిస్టీరియస్ ఐలాండ్' 1874-75లో ఫ్రాన్స్‌లో, పిల్లల కోసం నడిచిన ఒక పత్రికలో ధారావాహికగా వచ్చింది. అమెరికా అంతర్యుద్ధం చివరి రోజులు. 1865 మార్చిలో దక్షిణాది రాజధాని రిచ్‌మండ్ నుంచి అయిదుగురు, ఒక కుక్క బెలూన్లో తప్పించుకుని ఎవరూ లేని దీవిలో పడతారు. సైరస్ స్మిత్ ఇంజనీరు. స్పిలెట్ జర్నలిస్టు. పెన్‌క్రాఫ్ నావికుడు. హెర్బర్ట్ చదువుకునే కుర్రాడు. అయిదోవాడు నెబ్, నల్లవాడు. దీవికి లింకన్ పేరు పెట్టుకుంటారు. రెండు గడియారాల అద్దాలను కలిపి మధ్యలో నీళ్లు పోసి, ఆ భూతద్దంతో నిప్పు పుట్టిస్తారు. కుర్రాడి కోటు మడతలో దొరికిన ఒక్క గోధుమ గింజతో సేద్యం మొదలుపెడతారు. ఇటుకలు, ఇనుము, నైట్రోగ్లిసరిన్, చివరికి టెలిగ్రాఫ్ తీగ. చేతిపనికీ బుద్ధికీ మధ్య గోడ కట్టిన సమాజంలో పుట్టిన మాలాంటి వాళ్లకు ఇంజనీరు మట్టి పిసకడం పెద్ద సంబరమే. మన దగ్గర మట్టి పిసికేవాణ్ణి ఇంజనీరని ఎవడన్నాడు?

తిరకాసు ఆ తర్వాత ఉంది. అన్నీ కొత్తగా కనిపెట్టిన ఆ దీవిలో వంటపని మాత్రం ఎవరిదన్న ప్రశ్నే రాదు. నెబ్‌ది. అది ముందే తేలిపోయింది. నెబ్ స్మిత్ ఇంట బానిసగా పుట్టాడు. స్మిత్ బానిసత్వానికి వ్యతిరేకి, విడుదల చేశాడు. అయినా నెబ్ వెళ్లలేదు. దొర రిచ్‌మండ్‌లో ఖైదీ అయ్యాడని తెలిసి ప్రాణాలకు తెగించి ఆ ఊళ్లోకి చొరబడ్డాడు. దీవిలో దొర కనిపించకపోతే తిండి మానేసి వెతికాడు. మన తెలుగులో దీనికో మాట సిద్ధంగా ఉంది: నమ్మిన బంటు.

వెర్న్ జాతివాది కాదు, ఉత్తరాది పక్షం వహించాడు, నెబ్‌ని ధైర్యవంతుడిగా చూపించాడు కదా అంటారు. ఒప్పుకుంటాం. ఒప్పుకుంటున్నాం కాబట్టే ఈ పుస్తకం తీసుకున్నాం. కొరడా పట్టుకున్న దొరని గుర్తుపట్టడం ఏ పిల్లవాడికైనా వచ్చు. విడిచిపెట్టిన దొర, విడిచినా కదలని బంటు, ఈ జంట దగ్గరే చదివేవాడి కళ్లు చెమర్చి చూపు మసకబారుతుంది. మంచి భూస్వామి, నమ్మకస్తుడైన పాలేరు కథలు మనకేం తక్కువ?

మసకబారని చోటు కూడా ఒకటుంది. దీవిలో ఒక ఒరాంగుటాన్‌ని పట్టుకుని జప్ అని పేరు పెడతారు. దానికి కట్టెలు మోయడం, బల్ల దగ్గర వడ్డించడం నేర్పుతారు. జీతం లేని నౌకరు దొరికాడని నావికుడు పరాచికాలాడతాడు. ఇంతకీ దానికి వంటింటి పని నేర్పిందెవరు? నెబ్. దానికి ప్రాణస్నేహితుడెవరు? నెబ్. అయిదుగురిలో కోతి పక్కన నిలబెట్టడానికి రచయితకు ఇంకెవరూ తోచలేదు. ఈ పేజీలు చదివి క్లాసంతా నవ్వినప్పుడు, తన ఒంటి రంగు మీద మాటలు పడ్డ పిల్ల ఆ నవ్వులో కలవాలా, వద్దా?

ఇక్కడ తేదీలు చూడండి. నెబ్ దీవిలో ఉన్నది 1865 నుంచి 1869 దాకా. బానిసత్వాన్ని రద్దు చేసిన పదమూడో రాజ్యాంగ సవరణ 1865 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చింది. 1867 అక్టోబర్‌లో వర్జీనియాలో నల్లజాతి మగవాళ్లు మొదటిసారి ఓటేశారు. ఆ డిసెంబర్‌లో రిచ్‌మండ్‌లో, బెలూన్ లేచిన ఆ ఊళ్లోనే, రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం రాసే సభ మొదలైంది. అందులో 20 మందికి పైగా నల్లజాతి ప్రతినిధులు కూర్చున్నారు. నెబ్ లాంటి వాళ్లు రాజ్యాంగం రాస్తున్న రోజుల్లో నవల నెబ్‌ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. వెర్న్‌కి భవిష్యత్తుని చూసే కన్ను ఉందంటారు. నీళ్ల కిందికి చూసిన ఆ కంటికి రిచ్‌మండ్ కనపడలేదు.

ఆ కాలంలో వేరే చూపు సాధ్యం కాదనేవాళ్లకు ఒక్క సంగతి. ఈ ధారావాహిక మొదలవడానికి ముందటి ఏడాది, 1873లో, జోతిబా ఫూలే 'గులాంగిరి' అచ్చువేశాడు. నీగ్రో బానిసల విముక్తికి పాటుపడ్డ అమెరికా ప్రజలకు దాన్ని అంకితమిచ్చాడు. పూణేలో ఉన్నవాడికి కనిపించింది.

ఇక కెప్టెన్ నీమో. దీవిలో వీళ్లకు చాటుగా సాయపడేది అతనే. చివర్లో తన అసలు పేరు చెప్తాడు: ప్రిన్స్ డక్కర్, బుందేల్‌ఖండ్ రాజు కొడుకు, టిప్పు సుల్తాన్‌కు మేనల్లుడు వరస. (ఈ చుట్టరికం ఎలా కలిసిందో వెర్న్‌కే తెలియాలి.) 1857లో తెల్లవాళ్లతో పోరాడి, భార్యాబిడ్డల్ని పోగొట్టుకుని, ఇరవై మంది దాకా అనుచరులతో నాటిలస్ కట్టాడు. మనవాడే అని గర్వపడమంటారు. ఏ మనం? ఆ బుందేల్‌ఖండ్‌లోనే 1857ని దళితులు ఝల్కారీబాయి పేరుతో తలుచుకుంటారు. నేతపని చేసే కోరి కులస్త్రీ, ఝాన్సీ రాణి వేషంలో శత్రువుకి ఎదురు వెళ్లిందని వాళ్ల జ్ఞాపకం. నవలకు తెలిసిన తిరుగుబాటు రాజుగారిది మాత్రమే. ఇరవై మంది అనుచరులకు ఒక్క పేరు లేదు. కట్టిన కీర్తి ఒక్కడిది. తాజ్‌మహల్ లెక్కే.

1875లో వచ్చిన ఆంగ్లానువాదంలో నీమో బ్రిటిష్ సామ్రాజ్యాన్ని తిట్టిన మాటల్ని మార్చేశారు.  రాజుగారి మాటకు అంత కత్తెర, అంత విచారణ. నెబ్-జప్ పేజీలు మాత్రం ఆ 1875 అనువాదంలో భద్రంగానే ఉన్నాయి.

ఇది తెల్లవాడి జబ్బని సర్దుకుందామంటే సత్యజిత్ రాయ్ అడ్డొస్తాడు. 1961లో 'సందేశ్' పత్రికలో వచ్చిన ప్రొఫెసర్ శంకు మొదటి కథలో అంగారకుడికి రాకెట్ బయల్దేరుతుంది. అందులో శాస్త్రవేత్త, రోబో, పిల్లి, నౌకరు ప్రహ్లాద్. తెలివి తక్కువైనా ధైర్యం ఉన్నవాడని ప్రహ్లాద్‌ని ఎక్కించుకుంటారు. భద్రలోక్ ఇంటి పనివాడు పనివాడిగానే గ్రహం దాటాడు. కథ బాగుంటుంది, మేమూ నవ్వుతూనే చదివాం. అదే బాధ.

నెబ్ వెళ్లిపోయి ఉంటే కథ ఎలా ఉండేది? ఆ నవల రావడానికి వందేళ్లు పట్టింది. 1965లో నాన్సీ లారిక్ అమెరికాలో మూడేళ్ల పిల్లల పుస్తకాలు లెక్కపెట్టింది. 5,206 పుస్తకాల్లో నల్లజాతి మనిషి కనిపించినవి 349. బొమ్మలో మూలన నిలబడ్డా లెక్కలోకి తీసుకుంటేనే ఇది. ఆ తర్వాత 1978లో వర్జీనియా హామిల్టన్ 'జస్టిస్ అండ్ హర్ బ్రదర్స్' రాసింది. జస్టిస్ పదకొండేళ్ల నల్లపిల్ల. ఆమె, ఆమెకన్నా పెద్దవాళ్లయిన కవల అన్నలు, పక్కింటి డోరియన్ తలపులతో ఒకటై భవిష్యత్తులోకి వెళతారు. నాయకత్వం జస్టిస్‌ది. ఎవరూ ఆమెను విడుదల చేయలేదు, ఆమె ఎవరికీ బంటు కాదు. మొదటి భాగం కొంచెం నిదానంగా నడుస్తుంది, ఓపిక పట్టాలి.

రచయిత్రి తాత వర్జీనియాలో బానిసగా పుట్టాడు. అక్కణ్ణుంచి తప్పించుకుని ఒహాయో చేరినవాడు. ఆ రాష్ట్రం పేరే ఈమెకు పెట్టారు. తాత పేరు లీవై. నవలలో జస్టిస్ అన్నల్లో ఒకడి పేరు కూడా లీవై.