మోటుపల్లి ఒడ్డున ఒక పాఠము

పాఠ్యపుస్తకమునందు నదులు, రాజధానులు, రాజవంశములు, రాజ్యాంగాధికరణములు వరుస తీరి యుండగా, వానిలో నేదియు తన బ్రతుకునకు సంబంధించినదని విద్యార్థికి తోచకపోవుట సాంఘికశాస్త్రము బోధించువానిని నిత్యము బాధించు చిక్కు. దానిని విప్పుటకు నా వృత్తిలో నేను పన్నిన యుపాయములలో మోటుపల్లి శాసనమును మించినది నాకు దొరకలేదు.

నేడు బాపట్ల జిల్లాలో చిన్న తీరగ్రామముగా మిగిలిన మోటుపల్లి కాకతీయుల కాలమున గొప్ప రేవు. ఆ శాసనమును నేను తరగతిలో నేరుగా చెప్పను. తుఫానుకు దారితప్పిన విదేశీయుల ఓడ మన యొడ్డున పగిలి, సరకు కెరటములతో కొట్టుకొని వచ్చినచో అది ఎవరిదని ముందుగా అడుగుదును. “దొరికినవాళ్లదే గదా మాస్టారూ” అని సగము తరగతి యనును. “గవర్నమెంటుకు అప్పజెప్పాలి” అని కొందరందురు. ఒకయేట వెనుక బెంచీనుండి ఒక బాలిక, “మరి ఓడ పోయినవాడి గతేంటండీ?” అని అడిగినది. ఆ ప్రశ్నను పిల్లలు తమంతట తామే తెచ్చువరకు నేను పెదవి కదపను. అది రావలసిన చోటు వారి నోరే గాని నా నోరు కాదు.

అప్పుడు చెప్పుదును: వెనుకటి రాజులు అట్టి యోడల సరకును బలాత్కారముగా హరించుచుండగా, ప్రాణముకంటె ధనమే మిన్నయని సముద్రమునకు తెగించి వచ్చువారియెడ దయతో, నియమితమైన సుంకము తప్ప మరేమియు గైకొనమని కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయమిచ్చి, దానిని అందరును చదువుకొనునట్లు రాతిపై చెక్కించెను. కర్పూరము, దంతము, పట్టు మున్నగు వస్తువులపై సుంకము లిట్టివని అందే కలదు. అధికారము తన చేతులను తానే కట్టుకొనుట ఎట్టిదో పిల్లలకు ఇంతకంటె స్పష్టముగా చూపు సాధనమును నేనెరుగను.

అచ్చటినుండి రాజ్యాంగమునకు దూరము లేదు. 19వ అధికరణములోని వాక్స్వాతంత్ర్యము పౌరులది; 14, 21 అధికరణములలోని సమానత్వ, ప్రాణరక్షణలు మాత్రము ఈ నేలపై నున్న ప్రతివ్యక్తివి. ‘పౌరుడు’, ‘వ్యక్తి’ అను ఈ రెండు మాటల క్రింద గీత గీయుడని చెప్పి, ఓడ పగిలినవాడు ఏ మాట క్రిందికి వచ్చునో వెదకుమందును. వెదకిన పిల్లవాడు ఆ భేదమును మరువడు.

ప్రపంచసంస్కృతుల పాఠమునందు మంచుగూళ్లను, ఎడారి యొంటెలను వింతలుగా చూపి విడిచిపెట్టుట నాకెన్నడును రుచింపలేదు. కావున తరగతిని తిరుగుదెసకు త్రిప్పుదును. ఈ మోటుపల్లినే మార్కోపోలో ‘ముత్ఫిలి’యని పేర్కొని, న్యాయముగా నేలిన రాణిని, సాలెగూటివలె సన్నని వస్త్రములను వర్ణించెను; అతడు మీ వీధికి వచ్చియుండినచో ఏమి వ్రాసియుండునో వ్రాయుడని యడుగుదును. తమ యింటిని పరాయి కంటితో చూచుట అలవడిన పిమ్మట, పరాయి యింటిని వారు చూచు తీరే మారును.

ఇటీవల ఆ వ్రాతలలో ఒక బాలుడు, ఊరిచివర ఇటుకబట్టీకి ఒడిశాలోని బలంగీరునుండి కుటుంబములతో వచ్చిన పిల్లలు బడికి రాకపోవుటను చూచి మార్కోపోలో ఆశ్చర్యపడెనని వ్రాసినాడు. ఆరునుండి పదునాలుగేండ్ల బాలలకు ఉచిత నిర్బంధవిద్యను హక్కుగా నిచ్చిన 21-ఎ అధికరణమును ఆనాడు నేను బోధింపవలసిన పని లేకపోయినది. వారే పుస్తకము తిరగవేసి చదివిరి. “వాళ్లకి తెలుగు రాదు గదండీ, ఏ క్లాసులో కూర్చోబెడతారు?” అని ఒకడనగా, “రాకపోతే మనం నేర్పుదాం” అని మరియొకడనెను. గోడమీది పటమునొద్దకు గుంపుగా చేరి, పడమటి ఒడిశాలో బలంగీరు ఎక్కడున్నదో వ్రేళ్లతో వెదకుచుండగా గంట మ్రోగినది, ఎవరును కదలలేదు.