మూడు కిటికీలు, ఒక రాతి గూడు

మెదక్ చర్చిని పొద్దుండగానే చూడాలి. అక్కడి రంగుటద్దాల కిటికీలకు బయటి వెలుగే ప్రాణం. చీకటి పడ్డాక లోపల ఎన్ని దీపాలు పెట్టినా అవి నల్లటి గాజు పలకలే. రంగు గాజును ముక్కలుగా కోసి, ముఖాల గీతలూ నీడలూ గాజు మీదే రాసి కొలిమిలో కాల్చి, ముక్కలన్నిటినీ సీసపు పట్టీలతో జోడించే పని ఇది. వెలుగును ఎంత వదలాలి, ఎంత ఆపాలి అన్న లెక్క మీదే చిత్రకారుడి నైపుణ్యమంతా నిలబడుతుంది.

నేనుండే నవా రాయపూర్ ఈ శతాబ్దంలో కట్టిన ఊరు. ఛత్తీస్‌గఢ్‌లోనే జశ్‌పూర్ జిల్లా కుంకురిలో పెద్ద కథెడ్రల్ ఉన్నా, అబ్రాహాము సంతతి మతాలైన యూదు, క్రైస్తవ, ఇస్లాం మూడింటినీ పనితనం ద్వారా తెలుసుకోవాలంటే నా మనసు తెలుగు నేలకే పోతుంది.

మెదక్ కిటికీలు మూడు. బలిపీఠం వెనుక 1927 నాటి యేసు ఆరోహణం, పక్కలకు 1947 నాటి జననం, 1958 నాటి సిలువ. మూడింటి రూపకర్త ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. మొదటిదానికీ చివరిదానికీ నడుమ 31 ఏళ్ళు గడిచాయి. అయినా అవి ఒకే ఊపిరిలో చెప్పిన కథలా ఉంటాయి.

ఆ కథను మూడు మతాల కళ్ళతో చూస్తే ఎంత దగ్గరి చుట్టాలో, ఎక్కడ దారులు చీలాయో తెలుస్తుంది. జననం కిటికీ ముందు ముస్లిం కూడా తలవంచి నిలబడగలడు. ఖురాన్‌లో 19వ సూరా (అధ్యాయం) పేరే మర్యమ్. కన్య అయిన ఆ తల్లికి దైవాజ్ఞతో ఈసా (యేసు) పుట్టాడని ఇస్లాం నమ్ముతుంది. అయితే అతను ప్రవక్త, దేవుని కుమారుడు కాడు. యూదుల దృష్టిలో ఆ బిడ్డ యూదు తల్లి కన్న యూదు బిడ్డ. తాము ఎదురుచూసే మెస్సీయా మాత్రం ఇంకా రాలేదు. సిలువ కిటికీ దగ్గర దారి పూర్తిగా చీలుతుంది. క్రైస్తవుడికి రక్షణ మొత్తం అక్కడే ఉంది. ఈసాను సిలువ వేయలేదనీ, చంపామన్నవారికి అలా అనిపించిందనీ ఖురాన్ చెబుతుంది. ఆశ్చర్యం ఏమిటంటే, బలిపీఠం వెనుక ఆరోహణం దగ్గర మళ్ళీ క్రైస్తవం, ఇస్లాం దగ్గరవుతాయి. దేవుడు ఈసాను తన వద్దకు ఎత్తుకున్నాడనీ, అతను తిరిగి వస్తాడనీ ముస్లింల విశ్వాసం.

కానీ ఆ ముస్లిం ఇలాంటి బొమ్మను తన ప్రార్థనా స్థలంలో పెట్టుకోడు. సీనాయి కొండ మీద మోషేకు వచ్చిన ఆజ్ఞల్లో విగ్రహ నిషేధం ఉంది. మూడు మతాలూ దాన్ని గౌరవిస్తాయి. అయితే దేవుడే మనిషిగా కనిపించాడు కనుక ఆ రూపాన్ని చిత్రించవచ్చునన్న వాదం 787 నాటి క్రైస్తవుల నీకయా సభలో గెలిచింది. క్రైస్తవుల్లో ప్రొటెస్టెంట్లు చాలామంది తరువాత బొమ్మలను తీసేశారు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ పోస్నెట్ కట్టించిన ఈ చర్చిలో బొమ్మ పూజ కోసం కాక, కథ చెప్పడానికి గాజులోకి వచ్చింది. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాటికి పూర్తయిన ఈ కట్టడంలో కూలి చేసింది కరవు బాధితులు; పనికి బదులు తిండి దొరికింది. ఆ కిటికీల కింద నిలబడినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది వాళ్ళే.

హైదరాబాద్ మక్కా మసీదులో బొమ్మ లేదు. హాలు కప్పును మోసే కమానులు పదిహేను, మూడు వైపులా ఐదేసి. నాలుగో వైపు మూసిన గోడ. అందులో మెహ్రాబ్ అనే గూడు. 1617లో ముహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టిన పనిని 1694లో ఔరంగజేబు పూర్తి చేయించాడు. ఆ గూటి రాయిని కొండలోంచి తీయడానికే ఐదేళ్ళు పట్టిందనీ, ఐదారువందల మంది పనిచేశారనీ, 1400 ఎద్దులు లాగాయనీ తనకు చెప్పినట్టు ఫ్రెంచి వర్తకుడు తవర్నియే రాశాడు. అంత శ్రమా చేసి నిలబెట్టింది ఒక ఖాళీ! గూటిలో దాచినదేమీ లేదు. అది మక్కా దిక్కు చూపుతుంది, అంతే. తెలుగు నేల మీద ఇంతకన్నా ధైర్యమైన శిల్పం నేను చూడలేదు.

ముస్లింలు ప్రార్థించే దిక్కు కూడా ఒకప్పుడు యెరూషలేమే. 624లో మక్కాకు మారింది. యూదులు నేటికీ యెరూషలేము వైపే తిరిగి ప్రార్థిస్తారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోనూ అలా ప్రార్థించే తెలుగువాళ్ళున్నారు. తాము ఇశ్రాయేలీయుల్లో ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్పుకునే ఈ దళిత కుటుంబాలు 1991లో సినగాగు (యూదుల ప్రార్థనా మందిరం) ఏర్పరచుకున్నాయి. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ వాళ్ళ మీద 2013లో ఒక పుస్తకమే తెచ్చారు.

ఆ చిన్న సినగాగులో మెదక్ గాజు కోసం, మక్కా మసీదులో చూసిన రాయి కోసం వెతకకూడదు. యూదుల ఆరాధనకు భవనం కన్నా ముందు కావలసినవి పదిమంది మనుషులు, ఒక తోరా (ధర్మశాస్త్రం) చుట్ట. పనితనమంతా ఆ చుట్టలోనే. తోలు మీద చేత్తో రాసే 3,04,805 అక్షరాల్లో ఒక్కటి తప్పినా, సరిదిద్దేదాకా సభలో చదవరాదు. దేవుని నామంలోనే తప్పు దొర్లితే చెరపడానికీ వీల్లేదు. ఆ తోలు పుటను పక్కనపెట్టి భూమిలో పాతిపెడతారు, లేఖకుడు కొత్త పుట మొదలుపెడతాడు.